ఏనుగు తొక్కని మిరపకాయలు

శివనగర్ అండర్ బ్రిడ్జి దాటేసరికే ఎండ ముదిరింది.
కోటలో నా పని ఫోన్ ఎత్తి నిలబడటం.
లేని పైకప్పు ఉన్న స్తంభం మీద
సరిగ్గా కూర్చుందో లేదో చూసి
"కూర్చుంది" అనో "జరిగింది" అనో రాసుకోవటం.
రోజుకు ఏడు వందలు. ఛార్జర్ నాదే.

తెరలో మండపం లేస్తుంది.
బోర్లాపడ్డ హంస ఎగిరి దూలమెక్కుతుంది.
తెగిన నంది చెవి తిరిగి మొలుస్తుంది.
ఎనిమిది వందల ఏళ్ళు
రెండు సెకన్లలో లోడవుతాయి,
సిగ్నల్ ఉంటే.
ఫోన్ దించితే
తోరణం లోంచి గాలి ఇటు వచ్చి అటు పోతుంది,
తలుపు లేని గుమ్మానికి ఎవర్ని ఆపాలో తెలీదు.

మూడోరోజు ఏనుగుని పరీక్షించాలి.
ఆఫీసులో ఎవరో కుర్రాడు
రాత్రిళ్ళు కూర్చుని గీసిన ఏనుగు,
ఆ చెవుల ముడతలు చూస్తే ముచ్చటేస్తుంది.
తూర్పు తోరణం దాటి
రాచబాటలో నలభై అడుగులు నడిచి
తొండమెత్తి మాయమవ్వాలి.
నడిచింది.
దాని వెనకే నేను,
తెరలోంచి కళ్ళు తియ్యకుండా,
ముప్పై రెండు, ముప్పై మూడు...

"ఓ పిలగా! కండ్లు నెత్తికెక్కినయా?"

చెప్పు కింద కరకరమంది.
ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ తిరగేసి పరిచి
వాకిలినిండా మిరపకాయలు,
చపాటా రకం, బొద్దుగా, ఎర్రగా.
నడిమధ్యన నేను, ఒంటి కాలి మీద.

ఓర్సు కనకలచ్మి చేట పట్టుకుని వచ్చింది.
కొడుతుందనుకున్నాను.
ఏనుగు సంగతి చెప్పాను. ఇంకేం చెప్పను?
ఫోన్ గుంజుకుని
అరచెయ్యి నీడలో పెట్టుకుని చూసింది.

తెరలో ఆమె ఇల్లు లేదు.
రేకులు లేవు, నీళ్ళ డ్రమ్ము లేదు,
దండెం మీది చీర లేదు.
మేకను కట్టేసిన రాయి మాత్రం ఉంది,
ద్వారబంధమై లేచి నిలబడి,
మేక లేకుండా.

చాలాసేపు చూసింది.
"ఈ కంబానికి ఉలిదెబ్బలేవి?" అంది.
"గింత నున్నగ ఏ రాయుంటది?
మా మామ బండ కొట్టినోడు.
రాయి మీద చెయ్యి వెడితె
కొట్టినోనిది ఎడమ చెయ్యో కుడి చెయ్యో చెప్పెటోడు.
నీ రాయిని ఎవ్వలు కొట్టలే."

నా ఫారంలో ఆ గడి లేదు.

ఏనుగు మళ్ళీ మొదటినుంచి బయల్దేరింది.
"హుష్! హుష్!" చేట ఊపింది, నవ్వాపుకోలేక.
అది మిరపకాయల మీదినుంచే నడిచింది.
ఒక్క తొడిమ విరగలేదు.
"నీకన్న నయం గదరా."

తర్వాత అడిగింది:
"ఇండ్ల నల్లా ఎప్పుడొస్తదో కనవడ్తదా?"
కనపడదన్నాను.
"మరి అప్పటి ఏనుగు కనవడవట్టె?"
బ్యాటరీ నాలుగు శాతముందని చెప్పి తప్పించుకోబోయాను.
"లోపల పెట్టుకో, కరెంటున్నది."

అలా, తెరలో లేని ఇంట్లో
ఉన్న ప్లగ్గుకి ఫోన్ పెట్టి కూర్చున్నాను.
రేకుల కింద కుతకుత ఉడుకు.
తుమ్ము మీద తుమ్ము.
"ఊకె కూసోకు," అని
నేను తొక్కినవన్నీ ఓ గంపలో పోసి
నా ముందే పెట్టింది.
గింజలొక పక్కకి, తోలొక పక్కకి,
యాభై శాతం ఎక్కేదాకా ఏరాను.

సాయంత్రం రిపోర్టు:
కప్పు కూర్చుంది. హంస కూర్చుంది.
ఏనుగు నడక బాగుంది, దారి మార్చాలి.
'కారణం' అన్న గడిలో
'మిరపకాయలు' అని రాసి పంపాను.

పావుగంటకి ఆఫీసునుంచి ఫోను.
"ఏ శతాబ్దానివి?"

చెప్పు తిప్పి చూశాను.
గాడిలో ఇరుక్కున్న గింజ ఒకటి.
దాన్ని గోటితో గిల్లి తీసి,
ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ
అదే చేత్తో
కన్ను నలుపుకున్నాను.